పెండ్లి కాగితము

కలకత్తా నగరపు ఉత్తరభాగమున పాతకాలపు ఇండ్లలో, ఇనుప పెట్టెల అడుగున, పట్టుచీరల మడతల నడుమ ఒక్కొక్కప్పుడు గులాబిరంగు కాగితమొకటి దొరకును. అది ఉల్లిపొర వలె పలుచనిది. విప్పుటకే భయము కలుగును. దాని నెత్తిన ఒక సీతాకోకచిలుక బొమ్మ. దానికి ఇరుప్రక్కల రెక్కలు గల కన్యలు పూలదండ పట్టుకొని నిలుచుందురు. క్రింద ఎర్రసిరాతో వధూవరుల పేర్లు. ఆ క్రింద ఇరువది ముప్పది పాదముల పద్యము. కొసన 'మీ చిన్ని తమ్ముళ్ళు' అనియో, 'మీ వదిన' అనియో, 'బడినాటి స్నేహితురాండ్రు' అనియో చేవ్రాళ్ళు. లోకులు దీనిని 'బియేర్ పద్య', అనగా పెండ్లి పద్యము, అని పిలిచెడివారు. కాగితము మీద అచ్చయ్యెడి పేరు మాత్రము 'ప్రీతి ఉపహార్'.

సీతాకోకచిలుక అక్కడికి ఊరక వచ్చినది కాదు. బెంగాలీలో 'ప్రజాపతి' యనగా సృష్టికర్త. సీతాకోకచిలుకకును అదే మాట. వివాహములను కూర్చువాడు ప్రజాపతి గనుక శుభలేఖ మొదట ఆయనకు నమస్కారము వ్రాయుట ఆచారము. చతుర్ముఖుని బొమ్మ చెక్కించుటకంటె రెక్కల పురుగు బొమ్మ చెక్కించుట సులువని అచ్చుకూటమువారికి తోచియుండును. తెలుగువారు అవే రెక్కలలో సీతమ్మ కట్టిన కోకను చూచినారు. ఎవరి ఊహ వారిది; పెండ్లికి రెండును పనికివచ్చునవే.

చిత్‌పూరు రోడ్డు పరిసరములలో బటతల అని పేరుపడిన చోట చిన్న చిన్న అచ్చుకూటములు పంచాంగములను, పురాణములను, ప్రహసనములను చౌకగా అచ్చువేసి అమ్మిన శతాబ్దము పందొమ్మిదవది. అచ్చు చౌక అయిన పిమ్మట మధ్యతరగతి గృహస్థునికి కూడ తన ఇంటి సంతోషమును అచ్చు వేయించుకొనవలెనను కోరిక పుట్టినది. ఆ శతాబ్దపు చివరి దశాబ్దములు మొదలు, ఇరువదవ శతాబ్దము సగము దాటి మరికొంత కాలము వరకును పెండ్లి పద్యము లేని పెండ్లి కలకత్తాలో వెలితిగా తోచెడిది. ఒకే పెండ్లిలో నాలుగైదు కాగితములు వెలువడెడివి. తమ్ముళ్ళది ఒకటి, వదినలది ఒకటి, కార్యాలయ మిత్రులది ఒకటి. పిల్లలు వాటిని చేతినిండ పట్టుకొని పందిరిలో తిరుగుచు పంచెడివారు. విందు ముగిసిన తరువాత సగము కాగితములు నేలపైన పడియుండెడివి. కొందరు వాటితో చేతులు తుడుచుకొనెడివారు కూడను.

పద్యముల గుణమును గూర్చి దాచవలసినది లేదు. వాటిలో హెచ్చుభాగము చంద్రునితోను కలువతోను ప్రారంభమై, చిరకాలము సుఖముగ నుండుడని ముగియును. పత్రికా సంపాదకులు వాటిని ఎగతాళి చేసినారు. ఆ ఎగతాళి అన్యాయమని చెప్పుటకు వీలులేదు. కాని, పెండ్లికొరకు కవిత్వము కట్టుట నీచమని ఎవరైన అనినచో జవాబున్నది: రాజనారాయణ బసు కుమార్తె వివాహమునకు 1881లో, ఇరువదేండ్ల వయసున, రవీంద్రనాథుడు పాటలు కట్టి ఇచ్చినాడు. వాటిని నేర్చి పాడినవారిలో నరేంద్రనాథ దత్తు ఉన్నాడు. ఆ యువకుడే తరువాత వివేకానందుడైనాడు.

ఈ ముచ్చట వంగదేశమునకు మాత్రమే చెందినది కాదు. ఢిల్లీలో వరుని ముఖమునకు కట్టు పూలసరముల తెరను 'సెహ్రా' అందురు; ఆ తెరను వర్ణించుచు, వరుని బంధువుల పేర్లను కూర్చుచు చదువు పద్యమునకును అదే పేరు. 1852లో బహదూర్‌షా కుమారుడు జవాన్‌బఖ్త్ వివాహమునకు గాలిబు సెహ్రా వ్రాసినాడు. ఇంతకంటె మేలైన సెహ్రాను ఎవరైన చెప్పగలరేమో చూతమను భావము చివరి పద్యములో ధ్వనించినది. పాదుషాకు కవితాగురువైన జౌఖు ఆ మాట తనకే తగిలినదని తలచి, మరియొక సెహ్రా కట్టినాడు. గాలిబు క్షమాపణ పద్యము వ్రాయవలసివచ్చినది. ఆ క్షమాపణలో కూడ ఆయన వంగినది కొద్దిగా మాత్రమే. ఆరేండ్లు గడచుసరికి, 1858లో, ఆ పెండ్లికుమారుడు తండ్రితో పాటు రంగూనుకు ప్రవాసము పోయినాడు. సెహ్రాలు మాత్రము మిగిలినవి. హైదరాబాదు పెండ్లిండ్లలో నేటికిని సెహ్రా చదువుట కలదు.

మహారాష్ట్రమున వధూవరుల నడుమ తెర పట్టి మంగళాష్టకములు పాడుదురు. ప్రాచీన శ్లోకములతో పాటు, ఆ ఇంటి పేర్లను, ఆ ఊరి దేవతను చేర్చి క్రొత్తగా కట్టిన అష్టకములు కూడ పాడుట అక్కడ సామాన్యము. ప్రతి శ్లోకము చివరను 'సావధాన' అని హెచ్చరింతురు. ఆ మాటను నిజముగ విని పెండ్లిపీటల మీదినుండి లేచి పారిపోయిన బాలుడే సమర్థ రామదాసస్వామి అని వారి కథ. ఇక తెలుగునాట పద్య పంచరత్నములను అచ్చు వేయించి, అద్దము బిగించి, తలంబ్రాల వేడుక ముగిసిన పిమ్మట సభలో చదివి వధూవరుల చేతికిచ్చుట పెద్దలకు తెలిసినదే. ఆ పటములు ఎన్ని ఇండ్ల గోడలమీద నల్లబడినవో!

ఇన్ని ప్రాంతముల వారికి ఈ కాగితముతో ఏమి పని? మంత్రమున్నది, పురోహితుడున్నాడు, అగ్ని ఉన్నది. కాని మంత్రములో పేరుకు చోటు మితముగ నున్నది. గోత్రము చెప్పుదురు, ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరముల పురుషులను చెప్పుదురు. పెండ్లినాటి ఉదయమున నాందీముఖము జరిపి, గతించిన పితృదేవతలను పేరుపేరున పిలిచి ఆశీర్వాదము కోరుదురు. చనిపోయినవారికి పిలుపున్నది, బ్రదికియున్న వితంతువుకు లేదు. వంగదేశములో తెల్లని అంచులేని బట్ట కట్టిన మేనత్త ఆ దినమున పసుపు ముట్టరాదు, వధువునకు ఎదురు రారాదు. వితంతు వివాహమును చట్టము 1856లోనే సమ్మతించినది గాని, పెండ్లి పందిరి వితంతువును చాల కాలము సమ్మతింపలేదు. తల్లి సంగతి మరియొక విధము. తన బిడ్డ పెండ్లిని తల్లి కన్నులార చూడరాదని బెంగాలీ కుటుంబములలో ఒక ఆచారము. వరుని తల్లి ఊరేగింపుతో పోదు. వధువు తల్లి సంప్రదానపు వేళ లోపలి గదిలో కూర్చుండును. కన్యాదానములో తల్లి ధార పోయవలెనని ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచవచ్చును.

కాగితము ఈ హద్దులను ఎరుగదు. గోత్రము చెప్పని పేర్లు అందులో ఎక్కినవి. బెంగాలీ బిడ్డకు రెండు పేర్లు: లోకమునకు ఒకటి, ఇంటికి ఒకటి. శుభలేఖలో లోకపు పేరుండును. పెండ్లి పద్యములో ఇంటి పేరు, అనగా పిలుపుపేరు, ఉండును. బడికింకను పోని ఖోకా, పాలుత్రాగు ఖుకీ కూడ చేవ్రాలు చేసినట్లు అచ్చయ్యెడిది. లోపలి గదిలో కూర్చున్న తల్లికి ఎవరో ఒక బిడ్డ పరుగెత్తి ఒక కాగితము తెచ్చి యిచ్చును. బయట శంఖములు మ్రోగుచుండగా ఆమెకు దక్కిన వివాహదర్శనము అంతయే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి దశాబ్దములో, ఉత్తర కలకత్తాలో, పెండ్లి పద్యములు వ్రాయు బడిపంతులొకడు ఉండెడివాడు. వీధివారందరు ఆయనను మాస్టర్‌మశాయ్ అని పిలిచెడివారు. బడిజీతముతో ఇల్లు గడవదు. మాఘ ఫాల్గునములలో ముహూర్తములు దగ్గరపడగానే ఆయన ఇంటి అరుగుమీద జనము కూడెడివారు. ప్రతిఫలము కొద్ది రూపాయలు, ఒక మట్టికుండెడు రసగొల్లలు. ఐనను ఆయన తొందరపడి వ్రాసెడివాడు కాడు. ఆయన వద్ద ఒక నోటుపుస్తకము ఉండెడిది. వచ్చినవారిని కూర్చుండబెట్టి ప్రశ్నలడిగెడివాడు. అమ్మాయి పిలుపుపేరు ఏమి? చిన్ననాడు ఆమెకు అన్నము కలిపి పెట్టినది ఎవరు? ఎవరితో జగడమాడును? అప్పగింతల వేళ ముందుగా ఏడ్చునది ఎవరు? వచ్చినవారు నవ్వెడివారు; అన్నగారికి, తండ్రికి ఈ ప్రశ్నలకు జవాబులు తెలియకపోవుటయు కద్దు. అప్పుడాయన 'వంటింట్లో అడిగి రండి' అని పంపించెడివాడు.

చంద్రుడును కలువయు వద్దని ఆయన నియమము పెట్టుకొనలేదు. అడిగినవారికి చంద్రుని కూడ ఇచ్చెడివాడు. కాని ప్రతి కాగితములోను ఆ ఇంటికి తప్ప మరియొక ఇంటికి చెల్లని పాదము ఒకటైన ఉండవలెనని ఆయన పట్టు. మామిడిచెట్టు ఎక్కి పడిన మచ్చయో, పిల్లికి పెట్టిన పేరో, వర్షములో తడిసిన పరీక్షాపత్రమో, ఏదో ఒకటి. ఈ కాగితము నలుబదేండ్లు పెట్టెలో ఉండునని, ఎవరిదో పద్యమును తెచ్చి వీరికి అంటగట్టినచో నలుబదేండ్ల తరువాతనైన వీరు కనిపెట్టుదురని ఆయన భయము.

ఒక మాఘమాసమున ఆయన దగ్గరకు ఒక ఉమ్మడి కుటుంబమువారు వచ్చినారు. వధువు తల్లి, బిడ్డ పసితనముననే గతించినది. పెంచినది మేనత్త, 'పిసీమా'. పదునాలుగేండ్లకే వితంతువై పుట్టింటికి వచ్చి, ముప్పదియేండ్లుగా ఆ ఇంటి వంటయు, పిల్లల జ్వరములును మోసిన మనిషి. మాస్టరు ప్రశ్నలు అడిగినాడు. అన్నము పెట్టినది ఎవరు? పిసీమా. అక్షరములు నేర్పినది ఎవరు? పిసీమా. ముందుగా ఏడ్చునది ఎవరు? పిసీమా, కాని ఎవరికిని కనబడకుండ. ఇక పద్యము ఎవరి నోట నడువవలెను? తమ్ముళ్ళ పేర్లతో ఆరంభమై, చేవ్రాళ్ళలో అందరికంటె ముందు పిసీమా పేరుతో వ్రాతప్రతి సిద్ధమైనది.

ఇంటి పెద్ద, వధువు పెదతండ్రి, కళ్ళజోడు సవరించుకొని చదివినాడు. చదువుచున్నంతసేపు ముఖము వికసించియే యున్నది. కొసకు వచ్చి ఆగినాడు.

'మాస్టర్‌మశాయ్, ఈ మొదటి పేరు తీసివేయండి.'

'తప్పు పడినదా?'

'తప్పు కాదు. శుభకార్యపు కాగితము ఇది. ఆమె నా చెల్లెలు. నాకు ప్రేమ లేదని తలపవద్దు. కాని వియ్యాలవారు పద్యము చదువరు, పేర్లు చదువుదురు. రేపు ఏదైన కీడు జరిగినచో దానికి కారణము ఈ కాగితమే అందురు. ఆ మాట పడవలసినది ఎవరు? మా అమ్మాయి.'

ఆ పెద్దమనిషిని క్రూరుడని అనుట సులభము. ఆయన చెప్పినది అబద్ధము కాదు. క్రొత్త ఇంట అడుగిడు పిల్ల మీద పడు మాటలు ఎట్టివో ఆయన ఎరుగును. తన ఇంటికి వచ్చిన కోడండ్రు పడిన మాటలు ఆయన విన్నవే. మాస్టరు వాదింపలేదు. పేరు కొట్టివేసి, కాగితము మడిచి జేబులో పెట్టుకొని నడిచిపోయినాడు. ఆ రాత్రి నడిమి చరణమును మార్చి వ్రాసినాడు. ఆరు పాదముల చరణము అది. వధువు పసితనపు దీపము వెలుతురును, పలకమీద దిద్దిన మొదటి అక్షరములను చెప్పునది. ఆ ఆరు పాదముల మొదటి అక్షరములను క్రిందికి చదివినచో పిసీమా పేరు వచ్చును: నాలుగక్షరముల పేరు, దాని వెంట 'దేవి'. నామగోపనము మన పూర్వకవులకు క్రొత్త కాదు. రాజులను మెప్పించుటకు వారు చేసిన పనిని ఈయన ఒక వంటింటి మనిషి కొరకు చేసినాడు.

అచ్చుకూటములో ఒక చిక్కు వచ్చినది. ద్విపదల వంటి పద్యములలో రెండవ పాదమును కొంచెము లోనికి జరిపి పేర్చుట అక్కడి వాడుక. ఈ చరణములో మాత్రము ఆరు పాదములును ఒకే నిలువు గీతమీద నిలువవలెనని వ్రాతప్రతి అంచున సూచన ఉన్నది. ముసలి కంపోజిటరు, ఇది పొరపాటేమో కనుగొందమని, ఎడమచేతిలో కంపోజింగు స్టిక్కు పట్టుకొని ఒక క్షణము ఆగినాడు. కంపోజిటరు పద్యమును చదువడు, అక్షరమును చదువును. టైపుగడిలోనుండి ఒక్కొక్కటే ఏరి తలక్రిందులుగా పేర్చువానికి అర్థము చివరకు తెలియును, అక్షరము ముందు తెలియును. ఆయన ఆ వీధివాడే. పేరు ఎవరిదో ఎరుగును. ఏమియు అనక, ఆరు పాదములను సరిగా ఒకే గీతకు తెచ్చి బిగించినాడు. ట్రెడిల్ యంత్రముమీద పేర్లకు ఎరుపు, పద్యమునకు నీలము. రెండు సిరాలకు రెండుసార్లు కాగితము త్రిప్పవలెను. పలుచని కాగితము యంత్రమునకు అంటుకొని చిరుగుచుండును గనుక నూరు కావలసినచోట నూట ఇరువది వేసినారు.

పెండ్లి పందిరిలో ఆ పద్యమును బిగ్గరగా చదివినది పెదతండ్రియే. నడిమి చరణమువద్ద ఆయన కంఠము వణకినదని చెప్పుదురు. అది వధువును గూర్చిన దుఃఖము వలననే. దాగిన పేరును ఆయన ఎరుగడు. అన్నలు వధువును పీటమీద కూర్చుండబెట్టి ఎత్తి వరుని చుట్టు ఏడుమార్లు త్రిప్పినారు, తమలపాకులతో మూసికొన్న కన్నులను ఆమె తెరచినది, శుభదృష్టి జరిగినది. మిద్దెమీది చిన్నగదిలో కూర్చున్న పిసీమాకు ఒక పిల్లవాడు కాగితము తీసికొనిపోయి ఇచ్చినాడు. ఆమె దీపము దగ్గర చదివి, మడిచి, దగ్గరనున్న కృత్తివాస రామాయణములో పెట్టినది. ఆ రాత్రి ఆమె ఎవరితోను ఏమియు అనలేదు. మరునాటి అప్పగింతల వేళ క్రిందికి దిగలేదు.

మాస్టరు చేసిన పని న్యాయమా? డబ్బిచ్చి వ్రాయించుకొన్నవాడు వద్దన్న పేరును ఆయన దొంగచాటుగా కాగితములోనికి తెచ్చినాడు. వియ్యాలవారిలో అక్షరములతో ఆడుకొను వ్యసనము గలవాడొకడు ఉండియున్నచో, పెదతండ్రి భయపడిన కీడు అక్షరాల జరిగియుండెడిది; దానిని అనుభవింపవలసినది మాస్టరు కాడు. అంతేకాదు. ముప్పదియేండ్లు చాటున బ్రదికిన మనిషికి ఆయన ఇచ్చిన గౌరవము కూడ చాటుననే ఇచ్చినాడు. మేలైన పని అని ఒప్పుకొనుచునే, అది సగము పని అని చెప్పకతప్పదు. మిగిలిన సగము చేయుటకు ఆయనకు అధికారము లేదు, ధైర్యము కూడ లేదు. ఆయన తన నోటుపుస్తకములో ఆ పెండ్లి క్రింద ఏమియు వ్రాసికొనలేదని, రసగొల్లల కుండ మాత్రము బడిపిల్లలకు పంచినాడని ఆ వీధిలో చెప్పుకొనెడివారు.

తరువాత పెండ్లి పద్యములు తగ్గిపోయినవి. సీసపు అక్షరముల అచ్చుకూటములు ఒక్కొక్కటే మూతపడినవి. ఉమ్మడి ఇండ్లు విడిపోయినవి. చేవ్రాలు చేయుటకు ఒకే కప్పు క్రింద ఆరుగురు తమ్ముళ్ళు లేరు. ఎగతాళి కూడ తన పని తాను చేసినది. శుభలేఖ బ్రదికినది, పద్యము చచ్చినది.

ఆ గులాబిరంగు కాగితపు వధువు నేడు తొంబదియేండ్ల సమీపమున నున్న ముదుసలి. ఆమె మనుమరాలు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు ఒక తెలుగు యువకుని వరించినది. పెండ్లి హైదరాబాదులోనే. 1955 నాటి హిందూ వివాహచట్టము వధూవరులలో ఏ పక్షపు ఆచారము చొప్పుననైన వివాహము జరుగవచ్చునని చెప్పినది. కాని రెండు పక్షముల బంధువులు ఒకే పందిరిలో కూర్చున్నప్పుడు ఏ తంతు ఎప్పుడు జరుగుచున్నదో, ఎందుకు లేచి నిలువవలెనో, ఎప్పుడు అక్షతలు చల్లవలెనో చట్టము చెప్పదు. అందుకు ఒక చిన్న కార్యక్రమ పుస్తకము వలయును. ఇప్పటి పెండ్లిండ్లలో ఇట్టి పుస్తకములు కూర్చి ఇచ్చువారు ఉన్నారు. అంగడి నమూనాలు చూచినది; అన్నిటిలోను ఒకే వాక్యములు, పేర్లు మాత్రము వేరు. ఆ అమ్మాయి తన పుస్తకమును తానే కూర్చుకొనుటకు కంప్యూటరు ముందు కూర్చున్నది. ఎనిమిది పుటలు: ఎడమ పుట బెంగాలీ, కుడి పుట తెలుగు, అడుగున చిన్న అక్షరములతో ఇంగ్లీషు.

పని ప్రారంభించిన తరువాత గాని కష్టము తెలియలేదు. జీలకర్ర బెల్లము తలమీద పెట్టిన పిదప తెర తొలగించి ఒకరినొకరు చూచుకొనుట తెలుగువారి ముహూర్తము. తమలపాకులు తొలగించి చూచుకొనుట బెంగాలీల శుభదృష్టి. మొదటి చూపు రెండుమార్లు ఎట్లుండును? చాలసేపు ఆలోచించి, రెండింటిని ఒకే వరుసలో వేసి, తెర తొలగు క్షణముననే ఆకులును తొలగునట్లు వ్రాసినది. పురోహితుడు ఫోనులో విని నవ్వి ఒప్పుకొన్నాడు. తలంబ్రాలకు బెంగాలీ మాట దొరకలేదు. 'బియ్యపు వాన' అని వ్రాసినది. మంగళసూత్రము, శంఖపు గాజులు, సిందూరము, సప్తపది వరుసగా ఒదిగినవి. కన్యాదానము దగ్గర ఆగవలసివచ్చినది.

'అమ్మాయీ, కన్యాదానమునకు దంపతులు కూర్చుండవలెను. మీ నాన్నగారు చేయి పట్టుకొందురు, నీళ్ళు పోయవలసినది మీ అమ్మగారు,' అని పురోహితుడు చెప్పినాడు.

తల్లి ఆ మాట విని మొదట ఒప్పుకొనలేదు. ఆమె చదువుకొన్నది, బ్యాంకులో పనిచేసినది, అంధవిశ్వాసములు లేనిది. ఐనను 'మా ఇంట ఏ తల్లియు చూడలేదు. నేను చూచినందువలన నీకేమైన ఐనచో?' అన్నది. కొన్ని భయములు చదువునకు చిక్కవు. కూతురు తర్కింపలేదు. అచ్చు ప్రతిలో 'వధువు తల్లి జలధార పోయును' అను పంక్తిని ఉంచవలెనా, తీసివేయవలెనా తేల్చుకొనలేక, కలకత్తా వెళ్ళినప్పుడు అమ్మమ్మ చేతికిచ్చినది.

ముదుసలి ఎనిమిది పుటలును నెమ్మదిగా చదివినది. ఆశీర్వాదములు కోరు చివరి పుటలో పెద్దల పేర్ల వరుసలో అందరికంటె ముందు తన పేరున్నది. భర్త పోయి ఇరువదియేండ్లైన మనిషి తాను. అక్కడ కొంతసేపు వ్రేలు ఆనించి ఊరకున్నది. పిమ్మట లేచి, ఇనుప పెట్టె తెరచి, అడుగునుండి గులాబిరంగు కాగితము తెచ్చి మనుమరాలి ఒడిలో పెట్టినది. అది ఆమెకు పెండ్లినాడు ఇచ్చిన ప్రతి కాదు. పిసీమా పోయిన తరువాత రామాయణములో దొరకిన ప్రతి. నడిమి చరణముప్రక్కన, ఆరు పాదముల పొడవున, సన్నని పెన్సిలు గీత ఒకటి నిలువుగా ఉన్నది. అది ఎప్పుడు గీచినదో, ఆ పెండ్లిరాత్రియే గీచినదో, ఏండ్ల తరువాత గీచినదో, ఎవరును చెప్పలేరు.

'అమ్మమ్మా, ఈ పంక్తి ఉంచమందువా?' అని మనుమరాలు అడిగినది.

'కళ్ళజోడు ఇయ్యి. పెన్సిలు కూడ,' అన్నది ముదుసలి. తల్లి ధార పోయు పంక్తిప్రక్కన అచ్చు ప్రతిమీద ఒక సన్నని గీత నిలువుగా గీచి, కాగితములు తిరిగి ఇచ్చినది. ఆ ప్రతిని తల్లికి చూపినారు. ఆమె గీతను చూచినది. గులాబిరంగు కాగితమును చూచినది. పుస్తకము అట్లే అచ్చునకు పోయినది.

ముహూర్తము తెల్లవారుజామున. పందిరిలో సగమునకు పైగా నిద్రకన్నులతో పుస్తకమును త్రిప్పుచున్నవారే. కన్యాదానపు పుట వచ్చినప్పుడు బెంగాలీ బంధువులు తలలెత్తి చూచినారు. తల్లి పీటమీద భర్తప్రక్కన కూర్చుండి చెంబు ఎత్తినది. కూతురి ముఖమును చూడలేదు, వరుని చూడలేదు. ధార తెగునేమో అను భయముతో నీటినే చూచుచు పోసినది.